పిస్టన్నే అడగాలి

ఆ మొద్దు కాస్త అవతలికి తొయ్యండర్రా, పొగంతా నా మొహానికే కొడుతోంది. ఆఁ, ఇప్పుడు కూర్చోండి. ఇయ్యాళ పులి ముచ్చట చెప్పను, రామదాసు ముచ్చటా చెప్పను. అవి మీరు చానాసార్లు విన్నారు. ఇంజన్లో నిప్పురవ్వ ఎప్పుడు పడాలో, దాన్ని మేం ఎట్ట పట్టుకునేటోళ్ళమో చెప్తా. మన గోదారి గట్టున ఆ ఇద్య తెలియబట్టి బతికి బయటపడ్డ మనుషులున్నారు.

నా చిన్నప్పుడు భద్రాచలానికి వంతెన లేదు. రైలు దిగేది కొత్తగూడెంలో. స్టేషన్ బోర్డు మీద మాత్రం భద్రాచలం రోడ్ అని రాసుండేది. అక్కడి నుంచి అడవి దారిన ఇరవై అయిదు మైళ్ళొస్తే ఇవతలి గట్టు. అవతల రాముడి గుడి, నడుమ గోదారి. దాటాలంటే పడవే. 1959 దాకా అవతలి గట్టు మన జిల్లా కూడా కాదు, తూర్పు గోదావరిలో ఉండేది. వంతెన 1965లో వచ్చింది. అయినా నది మీద బతుకు ఆగలా. రాజమండ్రి లాంచీలు పోలవరం దాటి, పాపికొండల నడుమ నుంచి కూనవరం దాకా వచ్చేవి. కూనవరంలో శబరి వచ్చి గోదారిలో కలుస్తది కదా, అక్కడ దిగే జనం, ఎక్కే సరుకు, చింతపండు, వెదురు, తునికాకు కట్టలు. లోపలి కోయగూడేలకి ఆ రేవులే బజారు.

లాంచీలో ఉండేది డీజిల్ ఇంజను. దానికి ప్లగ్గుండదు, రవ్వ ఉండదు. గాలిని గట్టిగా నొక్కితే ఆ వేడికి నూనె తనే అంటుకుంటది. దాని టైమింగంటే పంపు నూనెను ఏ క్షణాన తోస్తుందన్నదే. గొట్టం విప్పి, చక్రం మెల్లిగా తిప్పుతూ, గొట్టం మూతిలో నూనె కదిలిన క్షణం చూసుకుంటే చాలు. కంటికి కనపడే పని అది. పెట్రోలు ఇంజను అట్ట కాదు. లోపల రవ్వ పడేది మనం చూడలేం. అందుకే ఆ పనికి పెద్ద పేరుండేది.

నేను పని నేర్చింది కొత్తగూడెంలో. సింగరేణి గనుల ఊరు, మిషను పనికి కొదవ లేదు. మా మేస్త్రి షెడ్డుకి రాజ్‌దూత్‌లొచ్చేవి, యెజ్డీలొచ్చేవి, పెట్రోలుతో మొదలెట్టి కిరసనాయిలుకు మార్చే పొలం మోటార్లొచ్చేవి, మిర్చి తోటలకు మందు కొట్టే మిషన్లొచ్చేవి. చానావాటి కడుపులో ఉండేది ఇంచుమించు ఒక్కటే ఏర్పాటు. తిరిగే చక్రం, అంటే ఫ్లైవీల్, దాంట్లో అయస్కాంతాలు, కింద కాయిలు, కండెన్సరు, పాయింట్లు. పాయింట్లు కలిసి ఉన్నంతసేపూ కాయిల్లో కరెంటు ఊరుతది. క్యామ్ వచ్చి పాయింట్లను విడదీసిన ఆ క్షణమే ప్లగ్గు మూతిలో రవ్వ. టైమింగు పెట్టడమంటే ఇదే: పాయింట్లు విడిపోయే క్షణాన పిస్టన్ ఎక్కడుండాలో అక్కడ ఉండేట్టు చేయడం.

"తాతా, పిస్టన్ పైకొచ్చాక కదా రవ్వ పడాలి?" అని అడుగుతావు నువ్వు. డిప్లొమా పిల్లవి, అడగాల్సిందే. కాదమ్మా. పైకి రాకముందే పడాలి. రవ్వ పడగానే పెట్రోలంతా ఒక్కసారే అంటుకోదు, మంట ప్లగ్గు కాడి నుంచి నలువైపులా పాకాలి. చుట్టం దిగే బస్సు వేళకు అన్నం ఉడికి ఉండాలంటే పొయ్యి ముందే ముట్టించాలి గదా, ఇదీ అంతే. బస్సు ఎంత తొందరగా వస్తే పొయ్యి అంత ముందు ముట్టించాలి. లెక్క చూడు. నిమిషానికి వెయ్యి చుట్లు తిరిగే ఇంజను, సెకండులో వెయ్యోవంతు కాలంలో 6 డిగ్రీలు తిరుగుతది. అయిదు వేల చుట్ల మీద అదే కాలంలో 30 డిగ్రీలు. మంట పాకడానికి పట్టే కాలం మాత్రం అంతగా మారదు. అందుకే ఇంజను వేగం పెరిగేకొద్దీ రవ్వను ముందుకు జరపాలి. దాన్నే అడ్వాన్స్ అంటాం. రెండు స్ట్రోకుల ఇంజన్లో ప్రతి చుట్టుకీ ఒక రవ్వ. అయిదు వేల చుట్లంటే సెకండుకి 83 రవ్వలు, ఒక్కొక్కటీ తన చోటునే పడాలి.

మా మేస్త్రి అంతకుముందు విశాఖ రేవులో పనిచేసొచ్చిన మనిషి. పడవ వెనక చెక్కకు బిగించే మోటార్లు, ఇప్పుడు వరద దళాలోళ్ళు ఓబీఎం అంటారే అవి, ఆయన అక్కడ విప్పి నేర్చాడు. ఓలె ఎవిన్రూడ్ అని నార్వేలో పుట్టి అమెరికా పోయిన మనిషి 1909లో వాటిని అమ్మకానికి పెట్టాడు. 1939లో కార్ల్ కీకేఫర్ మెర్క్యురీ కంపెనీ మొదలెట్టాడు. ఆ పైన పడవ పందేలు ముదిరినయి. మేస్త్రి చెప్పే వాటిల్లో ఒక పాత పందెం ఇంజను ముచ్చట ఉండేది. రెండు సిలిండర్లది, ఎవరో ఓడ మనిషి తెచ్చుకుంది. దాంట్లో పెట్రోలుతో ఆముదం కలిపి పోసేటోళ్ళంట. మన చేలల్లో పండే ఆముదమే. ఎంత వేడెక్కినా లోహాన్ని వదలకుండా పట్టుకుని ఉంటదని పందెపోళ్ళు దాన్ని కోరి వాడేటోళ్ళు. తర్వాత జిగురు కడిగే పని మాత్రం పనివాళ్ళకి ఉండేది.

ఆ పందెం ఇంజనుకు మేస్త్రి టైమింగు పెట్టే వరస నాకు నోటికొచ్చు. ముందు పాయింట్ల సందు. పాత అవుట్‌బోర్డులు చానావాటికి అంగుళంలో వెయ్యింటికి 20, అంటే అర మిల్లీమీటరు. ఫీలర్ గేజు బిగుతుగా జారాలి. సందు పెట్టాకే టైమింగు పట్టుకోవాలి, ముందు పట్టుకుంటే పనంతా పాడే. ఎందుకంటే సందు పెంచితే పాయింట్లు ముందే విడిపోతయి, రవ్వ ముందుకు జరుగుతది. సందు తగ్గితే వెనక్కి పోతది. క్యామ్‌కి రాసుకునే పాయింటు మడమ అరిగేకొద్దీ సందు మూసుకుపోతది, ఇంజను రోజురోజుకీ మెత్తబడతది. యజమాని కార్బొరేటర్ని తిడతాడు. తప్పు మడమది.

తర్వాత రెండు సిలిండర్ల పాయింట్లూ సరిగ్గా అర చుట్టు తేడాతో విడిపోతున్నాయా అని చూడాలి. ఒకటి ముందు, ఒకటి వెనక ఉంటే ఒక సిలిండరు రెండోదాన్ని ఈడ్చుకుంటూ పోతది. ముందున్నది వేడెక్కి పోతది. చానామంది పట్టించుకునేది కాదిది. మేస్త్రి మాత్రం దీని దగ్గరే ఎక్కువసేపు కూర్చునేటోడంట.

ఇప్పుడు అసలు ముచ్చటకొస్తా. 1986 ఆగస్టు. గోదారి వరద మీరు పుస్తకాల్లో చదివింది నేను కళ్ళారా చూశా. భద్రాచలం దగ్గర 43 అడుగులకు మొదటి హెచ్చరిక, 48కి రెండోది, 53కి మూడోది. ఆ ఏడు ఆగస్టు 16న 75.6 అడుగులు పోయింది. 27 లక్షల క్యూసెక్కుల నీళ్ళు. ఊరికీ ఏటికీ తేడా పోయింది. పశువులు, ఇళ్ళ కప్పులు, వేళ్ళతో సహా మానులు కొట్టుకొస్తున్నయి. ఆ రోజుల్లో సాయానికి తిరుగుతున్న పడవొకటి మా దగ్గరికొచ్చింది, వెనక అవుట్‌బోర్డుతో. రెండు దినాలుగా మొండికేసింది. తాడు లాగితే తాడు వెనక్కి గుంజుతోంది. లాగినోడి అరచేతులు రెండూ చీరుకుపోయినయి.

తాడు వెనక్కి గుంజుతోందంటే రవ్వ మరీ ముందు పడుతోందన్నమాట. పిస్టన్ ఇంకా పైకి ఎక్కుతుండగానే మంట దాన్ని వెనక్కి కొడుతోంది. నాకంటే ముందు చూసినోళ్ళకీ అది తెలుసు. వాళ్ళు తెలివితక్కువోళ్ళు కాదు. ఫ్లైవీల్ మీద కంపెనీ పెట్టిన గుర్తుంది, బాడీ మీద ఇంకో గుర్తుంది. రెండూ కలిపి చూశారు, పాయింట్లు సరిగ్గా ఆ లెక్క ప్రకారమే విడిపోతున్నయి. మళ్ళీ మళ్ళీ చూశారు. ప్రతిసారీ సరిగ్గానే ఉంది. అయినా తాడు గుంజుతోంది.

నేను పడవ నడిపినోణ్ని అడిగా, ఇది ఆగిపోకముందు ఏమైందని. నీళ్ళ కింద మునిగిన చెట్టుకు ప్రొపెల్లరు కొట్టుకుందన్నాడు. పిన్ను తెగితే మార్చారంట. అప్పుడు అర్థమైంది నాకు. ప్రొపెల్లరు ఒక్క దెబ్బకు ఆగితే లోపలి క్రాంకు ఆగుతది. పైనున్న ఫ్లైవీల్ బరువుది, ఆగనంటది. తిరుగుతున్న వైపే ఇంకాస్త పోతది. క్రాంకుకీ ఫ్లైవీల్‌కీ నడుమ ఉండేది చిన్న హాఫ్‌మూన్ కీ. అది సగం కోసుకుపోతది. ఆ ఇంజన్లో పాయింట్లను తెరిచే క్యామ్ ఫ్లైవీల్ బొడ్డులోనే ఉంది. గుర్తూ ఫ్లైవీల్ మీదే ఉంది. ఫ్లైవీల్ జరిగితే రెండూ కలిసే జరుగుతయి. అందుకే గుర్తును అడిగితే క్యామ్ సరిగ్గా ఉందంటది, క్యామ్‌ని అడిగితే గుర్తు సరిగ్గా ఉందంటది. పిస్టన్ ఎక్కడుందో రెండిటికీ తెలియదు. 25 మిల్లీమీటర్ల షాఫ్టు మీద కీ ఒక్క మిల్లీమీటరు జరిగితే టైమింగు నాలుగున్నర డిగ్రీలు పోతది. ఫ్లైవీల్ లాగి చూస్తే కీ మెట్టులాగా రెండుగా జరిగి ఉంది.

కొత్త కీ ఎక్కడ దొరుకుతది? దారులన్నీ నీళ్ళలో ఉన్నయి. మెత్తటి ఇనుప ముక్కను ఆకురాయితో రాసి కీ చేశా. ఉక్కు పెట్టకూడదు. దెబ్బ తగిలితే కీ పోవాలి గానీ క్రాంకు పోకూడదు. ఇంకో సంగతి గుర్తుంచుకోండి, ఫ్లైవీల్‌ని పట్టి ఉంచేది కీ కాదు. షాఫ్టు చివర కోసుగా ఉంటది చూడు, ఆ కోసు మీద ఫ్లైవీల్ గట్టిగా కూర్చుంటేనే పట్టు. కీ చోటు చూపిస్తది, అంతే. అందుకని వాల్వులకు రాసే సన్నటి పేస్టు పూసి, కోసు మీద ఫ్లైవీల్‌ని అటూ ఇటూ తిప్పి, రెండూ పూర్తిగా అంటుకునేట్టు చేసి, శుభ్రంగా తుడిచి, నట్టు గట్టిగా బిగించా.

బిగించాక గుర్తును నమ్మి వదిలెయ్యలా. పిస్టన్ని అడిగా. ఎట్టనో చెప్తా, ఇది చెవి పెట్టి వినండి. ప్లగ్గు రంధ్రంలో స్క్రూడ్రైవరు పెట్టి, అది పైకి లేచి ఆగిన చోటే టాప్ అనుకుంటారు అందరూ. అక్కడే మోసపోతారు. టాప్ దగ్గర క్రాంకు తిరిగినా పిస్టన్ కదిలీ కదలనట్టుంటది. 54 మిల్లీమీటర్ల స్ట్రోకు, 108 మిల్లీమీటర్ల కనెక్టింగ్ రాడ్డు ఉన్న ఇంజన్లో టాప్ నుంచి 5 డిగ్రీలు తిరిగినా పిస్టన్ దిగేది 0.13 మిల్లీమీటరు. వేలికి అందదు, కంటికి అందదు. అదే ఇంజన్లో 25 డిగ్రీల దగ్గర పిస్టన్ టాప్ కన్నా 3.1 మిల్లీమీటర్ల కింద ఉంటది, 30 డిగ్రీల దగ్గర దాదాపు నాలుగున్నర. అంటే అక్కడ అవే 5 డిగ్రీలకు 1.3 మిల్లీమీటర్ల తేడా.

కాబట్టి టాప్‌ని నేరుగా వెతకకూడదు. ప్లగ్గు రంధ్రంలో పొడుగు బోల్టు బిగించాలి, పిస్టన్ పూర్తిగా పైకి రాకముందే దానికి ఆనాలి. ప్లగ్గులన్నీ విప్పేసి, ఫ్లైవీల్‌ని చేత్తో మెత్తగా తిప్పి ఆనిన చోట ఒక గీత పెట్టాలి. ఎదురు దిక్కుకు తిప్పి మళ్ళీ ఆనిన చోట రెండో గీత. రెండు గీతలకూ సరిగ్గా నడిమధ్యన ఉందే, అదే టాప్. ఏ పుస్తకమూ అక్కర్లేదు. అక్కడి నుంచి డిగ్రీలు కొలవడానికి డయల్ గేజు లేకపోయినా టేపు చాలు. 200 మిల్లీమీటర్ల ఫ్లైవీల్ చుట్టుకొలత 628. దాన్ని 360తో భాగిస్తే డిగ్రీకి 1.74 మిల్లీమీటర్లు. 30 డిగ్రీలు కావాలంటే టాప్ గీత నుంచి 52 మిల్లీమీటర్లు కొలిచి గీత పెట్టుకో.

ఇక పాయింట్లు విడిపోయే క్షణం. దానికి కాయిల్ తీగ, కండెన్సరు తీగ విప్పి, టార్చి సెల్లులూ బల్బూ పాయింట్లతో ఒకే వరసలో కలపాలి. పాయింట్లు కలిసుంటే బల్బు వెలుగుతది. ఇంజను తిరిగే దిక్కుకే మెల్లిగా తిప్పుకుంటూ రావాలి, బల్బు ఆరిన చోటే రవ్వ పడే చోటు. బల్బు లేకపోతే బీడీ కట్ట మీది సన్న కాగితం పాయింట్ల నడుమ పెట్టి సుతారంగా లాగుతుండాలి, వదిలిన క్షణమే విడిపోయిన క్షణం. ఆ దినం వానలో కాగితాలు తడిసిపోయినయి, బల్బుతోనే చూశా. కంపెనీ గుర్తూ, నా గీతా కలిసినయి. అప్పుడు ప్లగ్గులు పెట్టి తాడు లాగితే ఇంజను అందుకుంది. ఆ పడవ చీకటి పడేదాకా తిరుగుతూనే ఉంది. గూడేల కాడ చెట్ల మీదా మిట్టల మీదా ఉన్న జనాన్ని తెచ్చింది.

అవుట్‌బోర్డులో ఇంకో మెలిక ఉంది. చేతిలో పిడి తిప్పితే ముందు పాయింట్ల ప్లేటు జరిగి రవ్వ ముందుకు పోతది. ఆ తర్వాతే, అదే ప్లేటుకున్న మెట్టు కార్బొరేటర్ మూతను నెడతది. రెండూ సరిగ్గా చెప్పిన చోట కలవాలి. మూత ముందే తెరుచుకుంటే రవ్వ ఇంకా వెనకే ఉండి ఇంజను ఉక్కిరిబిక్కిరవుతది, గుక్క పట్టి ఆగుతది. ప్రవాహం మధ్యన ఆగిన పడవ సంగతి మీకు చెప్పక్కర్లేదు. టైమింగు బాగుండి కూడా ఈ లింకు చూడనోళ్ళు పనిని సగంలో వదిలినట్టే.

మరి పందెపోళ్ళు ఏం చేస్తారంటావా? రవ్వను ఇంకా ఇంకా ముందుకు జరుపుతారు. కొంత దాకా జరిపితే వేగం వస్తది, నిజమే. ఆ గీత దాటితే మంట పాకడం మానేసి పేలుతది. లోపల గులకరాళ్ళు కొట్టినట్టు శబ్దం. అవుట్‌బోర్డు హోరులో అది చెవికి కూడా అందదు, అదే ప్రమాదం. మేస్త్రి చెప్పిన విశాఖ పందెం ఇంజను అట్టనే పోయింది. యజమాని ఒత్తిడి చేసి ఇంకొంచెం ముందుకు పెట్టించాడు. ఆ పూట అందరికన్నా ముందు పోయాడు. తిరిగొచ్చేటప్పుడు మాత్రం ఇంజను మీద కాదు, తెడ్డేసుకుని వచ్చాడు. పిస్టన్ నడినెత్తిన వేలు పట్టేంత రంధ్రం. అంతదాకా రాకముందే చెప్పేది ప్లగ్గు. ఫుల్ మీద నడిపి, ఒక్కసారిగా ఆపి, ప్లగ్గు విప్పి చూడాలి. మూతి కాఫీపొడి రంగులో ఉంటే సుఖం. తెల్లగా సున్నం కొట్టినట్టుండి, దాని మీద మెరిసే చిన్న చిన్న గింజలుంటే అది కరుగుతున్న పిస్టన్ అల్యూమినియం. వెంటనే రవ్వను వెనక్కి జరపాలి. మన దగ్గర పెట్రోల్లో కిరసనాయిలు కలిపేటోళ్ళుండేవాళ్ళు, దాంతో ఈ పేలుడు ఇంకా తొందరగా వస్తది. అందుకే మా మేస్త్రి పందేనికి ఒక లెక్క, నదికి ఒక లెక్క పెట్టేటోడు. నదికి రెండు డిగ్రీలు తక్కువే పెట్టమనేటోడు. కాస్త నెమ్మదైనా ఇల్లు చేరాలని.

2018 నవంబరులో విజయవాడ కృష్ణలో పడవల పందేలు జరిగినయి, ఎఫ్‌1హెచ్‌2ఓ అని ప్రపంచమంతా తిరిగే పందేలు. నా మనవడు తీసుకుపోతే పోయి చూశా. అమరావతి పేరు పెట్టుకున్న జట్టు కూడా ఉంది. ఒక్కో పడవ వెనక రెండున్నర లీటర్ల, ఆరు సిలిండర్ల, రెండు స్ట్రోకుల మెర్క్యురీ. నాలుగు వందల హార్స్‌పవర్ దాకా, నిమిషానికి పది వేల చుట్ల దగ్గర. ఆ వేగం మీద ఒక డిగ్రీ తిరగడానికి సెకండులో అరవై వేలవంతు కాలం. నది ఒడ్డున ఆ హోరుకి నా రొమ్ము అదిరింది. అందరూ పడవల్ని చూస్తుంటే నేను ప్రతి సిలిండరులోనూ రవ్వ ఎక్కడ పడుతోందా అనుకుంటూ నిలబడ్డా. మా మేస్త్రి ఉంటే ఎంత సంతోషపడేటోడో.

వాటిల్లో పాయింట్లు లేవు, అన్నీ ఎలక్ట్రానిక్కే. వరదకొచ్చే దళాల బోట్లూ ఇప్పుడు అంతే. మంచిదే, మడమ అరగదు, నీళ్ళకు పాయింట్లు తుప్పు పట్టవు. కానీ వినండి. ఆ పెట్టె తిరిగే అయస్కాంతాన్ని చూసే రవ్వ వదులుతది. ఆ అయస్కాంతం ఫ్లైవీల్లోనే ఉంది. ఫ్లైవీల్ కింద ఇప్పటికీ అదే హాఫ్‌మూన్ కీ. చెట్టుకు కొట్టుకుంటే అదీ జరుగుతది, కంప్యూటరు సరిగ్గానే ఉందని చెప్తూనే ఉంటది. 2022 జులైలో మళ్ళీ 71 అడుగులు దాటినప్పుడు కరకట్ట మీద నిలబడి బోట్లు పోతుంటే నాకు ఆ కీలే గుర్తొచ్చినయి.

గోదారికి ఏటా జులై నుంచి నీళ్ళొస్తయి. కాబట్టి పని జూన్‌లోపు అయిపోవాలి. మన ఊళ్ళో ఎవరి దగ్గర పడవ మోటారున్నా తొలకరికి ముందు ఫ్లైవీల్ లాగండి, కీ చూడండి, కోసు తుడవండి, నట్టు బిగించండి. బోల్టు పెట్టి రెండు గీతలు గీసి, నడిమధ్యన టాప్ పట్టండి. కంపెనీ గుర్తుతో కలిస్తే ఆ గుర్తును ఆ ఏడుకు నమ్మండి. కలవకపోతే పిస్టన్ మాటే నమ్మండి. అమ్మాయ్, డయల్ గేజు పాత పెట్టెలో గుడ్డలో చుట్టి ఉంది, రేపటి నుంచి అది నీది. ముందుగా మన మందు కొట్టే మిషను విప్పు. సందు పెట్టి, టాప్ పట్టి, ఎన్ని డిగ్రీల దగ్గర రవ్వ పడుతోందో నాకు చెప్పు. నేను గుర్తు చూడను, నువ్వు కొలిచిందే అడుగుతా.